బియ్యం గదిలో కబుర్లు

మొన్న ఉదయం ఆఫీసుకి వెళ్తూ, సింగపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్‌లో ట్రైన్ ఎక్కాను. నా పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు జేబులోంచి గొంతు బిళ్ళ తీసి, కాగితం విప్పి నోట్లో వేసుకున్నారు. నీలగిరి తైలం, అల్లం, కొంచెం తేనె కలిసిన వాసన. ఏసీ చలిలో అది సూటిగా వచ్చి ముక్కుకి తగిలింది. నేను దిగవలసిన స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను కదల్లేదు. చివరి స్టేషన్ దాకా వెళ్ళిపోయి, అక్కడి బెంచీ మీద కూర్చుని, ఆలస్యమవుతుందని ఆఫీసుకి మెసేజ్ పెట్టాను. కారణం ఏమని రాయాలో తోచలేదు. గొంతు బిళ్ళ వాసన వచ్చిందని రాస్తే ఎవరికి అర్థమవుతుంది?

నూకరత్నం గారి టేబుల్ చుట్టూ ఎప్పుడూ ఉండే వాసన అది. ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. సరుకు ఓడల కంపెనీ ఒకదానిలో కంప్యూటర్ విభాగం చూసేవారు. అనంతపురం నుంచి వచ్చి చేరిన నాకు మొదటి బాస్. ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి తెల్లవాళ్ళ కాలంలో కూలిపనికి ఓడ ఎక్కి వచ్చారు. ఆవిడ పుట్టిందీ, చదివిందీ, పెళ్ళాడిందీ, భర్తని పోగొట్టుకున్నదీ అన్నీ ఈ ఊళ్ళోనే. అమ్మమ్మ ఒడిలో నేర్చుకున్న తెలుగు అలాగే నిలిచిపోయింది. దాని మీద తమిళం, మలయ్, మాట చివర 'లా' అని తగిలించే ఇక్కడి ఇంగ్లీషు తలా ఒక అతుకు వేశాయి. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ భాష విని నవ్వేవాళ్ళు. ఆవిడ ఏమీ అనుకునేవారు కాదు. "నవ్వనీ లా. ఊరికే నవ్వుతారేటి? మీ ముత్తాతలు మాట్లాడిన మాటలు మా ఇంట్లో దాచిపెట్టాం," అనేవారు.

చేరిన కొత్తలో నేను దాదాపు మూగవాణ్ణి. మా నాన్న ఉన్న ఇంట్లో ఎవరూ అభిప్రాయం చెప్పేవాళ్ళు కాదు, ఆయన చెప్పింది వినేవాళ్ళు. ఆ అలవాటు విమానంలో నాతోపాటే వచ్చింది. మీటింగుల్లో గోడకి అతుక్కుని కూర్చునేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ నా కుర్చీ వెనక నిలబడి, "ఏటి బాబూ, రోజూ ఆ డబ్బా ఒక్కడివే తింటావా? మకాన్‌కి రా," అన్నారు. మకాన్ అంటే ఇక్కడి మాటలో భోజనం. వెనకే నడిచాను. తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో టిష్యూ పొట్లం ఒకటి బల్ల మీద విసిరి మా ఇద్దరికీ చోటు చోప్ చేశారు, అంటే ఆపి ఉంచారు. మీ గోరెంగ్ అనే వేయించిన నూడుల్స్ పళ్ళెం ముందు పెట్టుకుని, ఫోన్ తీసి, ఆ రోజు వార్తలు పైకి చదవడం మొదలుపెట్టారు. దేశాల వార్తలు కాదు. కొత్త ఫోన్లు, కొత్త సినిమాలు, అంతే.

"కొత్త ఫ్రిజ్ వచ్చిందంట. పాలు అయిపోతే అదే సెప్తాదంట. మా అమ్మ బతికినన్నాళ్ళూ సెప్పింది, ఇంట్లో ఒక్కడైనా ఇన్నాడా?" తలెత్తకుండా ఇంకోటి. "ఈ సినిమాకి ట్రైలర్‌లోనే కథంతా సెప్పేసినారు. మంచోళ్ళు. మన మూడు గంటలూ మనకే వదిలేసినారు." అప్పుడే ఎంగిలి పళ్ళేలు మోసే రోబో ఒకటి మా బల్లకి అడ్డంగా వచ్చి ఆగింది. లేచి వెళ్తున్న ముసలామె కూడా దానికి దారిచ్చి ఆగింది. ఆమె అడుగేస్తే అది కదిలింది, అది కదిలితే ఆమె ఆగింది. "సూడు, సూడు. పెళ్ళిలో వియ్యపురాళ్ళు. మీరు ముందంటే మీరు ముందు," అన్నారు నూకరత్నం గారు. నాకు నవ్వు ఆగలేదు. ఇక్కడికి వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నోట్లో నూడుల్స్ ఉన్నాయి, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆవిడ నా వైపు చాలాసేపు చూసి, "నీ నవ్వు బాగుంది. మేడం అనడం మానేసి ఆంటీ అను. శుక్రవారం సాయంత్రం మా ఫ్లాట్‌కి రా, పనుంది," అన్నారు.

ఆ పని ఏమిటంటే, ఇంట్లో కబుర్లు రికార్డు చేసి నెట్‌లో పెట్టడం. ఇక్కడి ఫ్లాట్లలో బాంబులు పడితే దాక్కోవడానికని మందపాటి గోడలతో, ఇనుప తలుపుతో చిన్న గది ఒకటి కడతారు. బాంబులు పడలేదు కాబట్టి అందరూ అందులో సామాను పెట్టుకుంటారు. ఆంటీ ఇంట్లో ఆ గది నిండా బియ్యం బస్తాలు, పాత పరుపులు, ఊరగాయ జాడీలు. తలుపు వేస్తే బయటి శబ్దం ఒక్కటి రాదు. రెండు ప్లాస్టిక్ స్టూళ్ళ మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. మధ్యలో మైకు. కార్యక్రమం పేరు కూడా అదే, 'బియ్యం గది'. ఆవిడ కూతురు దివ్య, అప్పటికి యూనివర్సిటీలో చదువుతోంది, శబ్దం సరిచేసి నెట్‌లోకి ఎక్కించేది. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది. "అమ్మా, నోబడీ విల్ లిజన్, లా," అనేది. "ఇనకపోతే మానేస్తారు, బియ్యమైతే ఉంటాయి కదా," అనేవారు ఆవిడ.

మొదట్లో నా పని నవ్వడం ఒక్కటే. కొన్ని వారాలు గడిచాక, ఒక సినిమా గురించి మాట్లాడుతూ ఆవిడ ఉన్నట్టుండి మైకు నా వైపు తిప్పారు. "నీకెలా ఉంది?" "బాగుంది ఆంటీ," అన్నాను. రికార్డింగ్ ఆపేశారు. "బాగుంది అన్నది అభిప్రాయం కాదు బాబూ. అది మొహం మీద తలుపెయ్యడం. లోపలేటుందో సెప్పు."  లోపల ఏముందో నాకే తెలియదు. చాలాసేపటికి, ఆ సినిమాలో హీరో తండ్రి ఒక్కసారి కూడా కొడుకు మొహంలోకి చూసి మాట్లాడలేదని, అది నాకు నచ్చలేదని, కానీ దర్శకుడు దాన్ని గొప్పగా చూపించాడని చెప్పాను. ఆవిడ నవ్వలేదు, మెచ్చుకోలేదు. మైకు మళ్ళీ నొక్కి, "ఇప్పుడు అదే మాట మళ్ళీ అను," అన్నారు. మా నాన్న గురించి నేను జీవితంలో చెప్పిన మొదటి మాట అది. సినిమా వంకతో, బియ్యం బస్తాల మధ్య.

ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో కరివేపాకు కొంటున్నాం. ఆంటీ దుకాణంవాడితో ఏదో బేరం ఆడుతుంటే, పక్కన నిలబడ్డ మనిషి చటుక్కున తిరిగాడు. పని బట్టల్లోనే ఉన్నాడు, చేతిలో ఫోన్ రీఛార్జి కార్డు. "మీరు బియ్యం గది ఆంటీ గదా?" అన్నాడు. జురాంగ్ ఐలాండ్‌లో పైపులకి రంగులు వేసే పని అట, ఊరు నిజామాబాద్ దగ్గర. లారీలో డార్మిటరీకి తిరిగి వెళ్ళేటప్పుడు ఒకే ఫోన్‌లో పెట్టుకుని అందరూ వింటారట. "నాకు ఆ ఫోన్ల సంగతి దెల్వదు, ఆ సిన్మాలు జూసే టైమ్ లేదు. గానీ మీరిద్దరు ముచ్చట వెడుతుంటే మా ఇంటి అరుగు మీద గూసున్నట్టు ఉంటది," అన్నాడు. ఆంటీ ఆయన చేయి పట్టుకుని వదల్లేదు. తిరిగి వస్తూ రైల్లో చాలా స్టేషన్లు దాటాక అన్నారు: "ఆళ్ళు ఇంటన్నది నా జోకులు కాదు బాబూ. తీరుబడిగా మాట్లాడే గొంతుని."

ఆ గొంతు బొంగురుపోవడం ఎప్పుడు మొదలైందో నేను సరిగ్గా చెప్పలేను. ఆవిడ గొంతు ఎప్పుడూ కొంచెం గరుకే, బిళ్ళలు ఎప్పుడూ చప్పరిస్తూనే ఉండేవారు. శుక్రవారాలు మాట మధ్యలో ఆగి నీళ్ళు తాగడం ఎక్కువైంది. చివరికి దివ్య పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. స్వరపేటికలో క్యాన్సర్. అప్పటికే బాగా పాకింది. పేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. మెడ ముందు చేసే రంధ్రంలోంచి ఊపిరి పీల్చుకోవాలి. నోట్లోంచి గాలి రాదు కాబట్టి గుసగుస కూడా ఉండదు. డాక్టరు చెప్పినదంతా ఆవిడ విని, "అయితే ఇంక నా కూతురు నన్ను నోరు ముయ్యి అనక్కర్లేదు," అన్నారట. దివ్య ఆ మాట నాకు ఫోన్‌లో చెప్తూ ఏడ్చింది. తెలుగులోనే ఏడ్చింది.

ఆపరేషన్‌కి ముందు శుక్రవారం మామూలుగానే రమ్మన్నారు. వెళ్ళాను. ఇనుప తలుపు వేసుకున్నాం. ఏం మాట్లాడతారో ముందుగా చెప్పలేదు. మైకు నొక్కి, రోజూ వార్తలు చదివే గొంతుతోనే మొదలుపెట్టారు. "ఈ వారం పెద్ద టెక్నాలజీ వార్త. సింగపూర్‌లో ఒక పాత మోడల్ ఆడమనిషి. స్పీకర్ పాడైపోనాది. బాగుచెయ్యలేం, పీకేస్తాం అన్నారు. మిగతా పార్టులన్నీ పన్జేస్తాయంట. గ్యారంటీ ఎన్నేళ్ళని అడిగితే డాక్టర్ పైకి సూసినాడు." ఆగారు. అక్కడ నేను నవ్వాలి. ఎప్పుడూ నవ్వే చోటు అది. నాకు నవ్వు రాలేదు.  ఆవిడ నన్నే చూస్తూ కూర్చున్నారు. "నవ్వాలి కదా నువ్వు," అన్నారు మెల్లగా. నేను తల అడ్డంగా ఊపాను. "సరే. ఈ ముక్క తియ్యొద్దు, అలాగే ఉంచు," అని మైకు ఆపేశారు. ఆ గొంతుతో నేను విన్న చివరి మాటల్లో అవి కొన్ని.

తర్వాత ఆవిడ ఇంటికొచ్చారు. మెడకి కట్టు, చేతిలో పలక లాంటి టాబ్లెట్. గొంతుకి ఆనించుకుంటే మాట పుట్టించే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. దాన్ని ఒకసారి వాడి, ఆ రోబో మాట విని, సొరుగులో పడేశారు. దివ్య వేరే ఏర్పాటు చేసింది. బియ్యం గది రికార్డింగులన్నీ పోగేసి ఒక కొత్త ప్రోగ్రామ్‌కి వినిపించింది. వాటిని విని అది అమ్మ గొంతు నేర్చుకుంది. టాబ్లెట్ మీద టైపు చేస్తే అచ్చం ఆవిడ గొంతుతోనే చదువుతుంది. మొదటిసారి విన్నప్పుడు మేం ముగ్గురం ఏడ్చాం. నాకైతే ఆవిడ తిరిగి వచ్చేసినట్టే అనిపించింది. ఇన్నాళ్ళూ మేం వెక్కిరించిన టెక్నాలజీ ఇంత దయ చూపిందని కూడా అనుకున్నాను.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఆఫీసులో పాత స్నేహితులం నలుగురం ఒక మధ్యాహ్నం ఆవిడని హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. ఎవరో ఏదో కొత్త సినిమా మాట ఎత్తారు. ఆంటీ కళ్ళు మెరిశాయి, వంగి టైపు చెయ్యడం మొదలుపెట్టారు. మాట ఆగదు కదా. సినిమా నుంచి టికెట్లకి, టికెట్ల నుంచి పిల్లల స్కూళ్ళకి వెళ్ళిపోయింది. అప్పుడు టాబ్లెట్ మాట్లాడింది. జోకు మంచిదే. కానీ దాని చోటు దాటిపోయింది. ఒక్క క్షణం అందరూ తెల్లబోయి, తర్వాత అందరూ ఒకేసారి పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మళ్ళీ వంగారు. ఈసారి అందరం మాటలు ఆపి, ఆవిడ వేళ్ళ వైపు చూస్తూ, నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నాం. అది ఇంకా ఘోరం. టాబ్లెట్ నా వైపు తిప్పి మీట నొక్కారు. "నువ్వు మర్యాదకి నవ్వుతున్నావు." ఆవిడ కళ్ళలో నిప్పులున్నాయి. ఆ గొంతు మాత్రం హాయిగా, తీరుబడిగా, ఫ్రిజ్ గురించి చెప్పినంత చల్లగా ఆ మాట అంది. కోపం దానికి నేర్పలేదు. మేం వినిపించిన రికార్డింగుల్లో ఎక్కడా ఆవిడ కోపంగా లేరు.

అప్పుడు గమనించాను, ఆవిడ నవ్వు కూడా పోయిందని. నవ్వు గొంతులోంచే వస్తుందని అంతవరకూ నేను ఆలోచించలేదు. భుజాలు కదిలేవి, మెడ దగ్గర గాలి బుస్సుమనేది. నలుగురిలో ఆ శబ్దం రాకూడదని ఆవిడ నవ్వు వచ్చే మాటలకి దూరంగా జరగడం మొదలుపెట్టారు. ఎవరైనా సరదాగా మాట్లాడుతుంటే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. అంతమందిని నవ్వించిన మనిషి, ఎవరూ తనని నవ్వించకుండా జాగ్రత్తపడుతూ బతికారు.

ఒక్క ప్రయత్నం మాత్రం చేశాం. దివ్య బతిమాలితే ఆవిడ ఒక కార్యక్రమం మొత్తం రాసి ఇచ్చారు. దానికి ఆ గొంతు, మధ్యమధ్య నా నవ్వులు పెట్టి నెట్‌లో వేశాం. ఎంత నేర్చుకున్నా ఆ ప్రోగ్రామ్ 'ఏటి' అని ఆవిడ రాస్తే ప్రశ్నలా కాక, ఏటి ఒడ్డు అన్నప్పటి ఏటిలా పలికేది. అందుకని దివ్య అన్ని చోట్లా 'ఏమిటి' అని మార్చింది. అమ్మమ్మ ఒడిలోంచి వచ్చిన మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి. నేను వింటుంటే చదువుకున్న ఎవరో పెద్దమనిషి ఆంటీ గొంతు అరువు తెచ్చుకుని మాట్లాడుతున్నట్టుంది. మర్నాటికి వినేవాళ్ళ దగ్గర నుంచి మెసేజ్‌లు వచ్చాయి. ఆంటీ ఆరోగ్యం బాగైనందుకు సంతోషం అన్నారు. గొంతు ఇంకా తేటగా ఉందన్నారు. ఇప్పుడు తెలుగు చక్కగా మాట్లాడుతున్నారని ఒకరు మెచ్చుకున్నారు. దివ్య సంబరంగా అన్నీ చదివి వినిపించింది. ఆంటీ అన్నీ విన్నారు. తర్వాత టాబ్లెట్ తీసుకుని చాలాసేపు టైపు చేశారు. గొంతు ఆపేసి, రాసింది మా ముందు పెట్టారు.

"నేను పోయినట్టు ఒక్కరికీ తెల్దు."

   ఆ రోజు తర్వాత ఆవిడ ఆ ప్రోగ్రామ్ తెరవలేదు. అవసరమైనవి కాగితం మీద రాసేవారు. నీళ్ళు. మందు. తలుపు వెయ్యి. వార్తలు చూడటం మానేశారు. నేను శుక్రవారాలు వెళ్తూనే ఉన్నాను. కొత్త ఫోన్ వచ్చిందని చెప్పేవాణ్ణి, ఫలానా సినిమా ఆడలేదని చెప్పేవాణ్ణి, నా అభిప్రాయం కూడా చెప్పేవాణ్ణి. ఆవిడ కిటికీలోంచి మలేషియాకి, జొహోర్ వైపు వెళ్ళే వంతెన మీద కదలని బండ్ల వరసని చూస్తూ కూర్చునేవారు. వింటున్నారో లేదో తెలిసేది కాదు. నాకు మాట్లాడటం నేర్పిన మనిషి ముందు, నేనొక్కణ్ణే మాట్లాడుతూ, నా గొంతు నాకే అసహ్యమయ్యేది.

జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఊపిరితిత్తుల్లో. డాక్టర్లు చెయ్యగలిగింది ఏమీ లేదన్నారు. ఆఖరి వారాల్లో రోగుల్ని ఉంచే చోట కిటికీ పక్కన మంచం ఇచ్చారు. చేతులకి సత్తువ పోయి కలం కూడా నిలిచేది కాదు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి దివ్య టీ కోసం కిందికి వెళ్తోంది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. గోడ మీద టీవీలో శబ్దం లేకుండా ఏదో నడుస్తోంది. ఒక నటుడు కొత్త రకం బండి ఏదో చూపిస్తూ తెల్లగా నవ్వుతున్నాడు. ఆంటీ దాని వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. ఆ కళ్ళు నాకు తెలుసు. ఎడమ కన్ను కాస్త చిన్నదయ్యేది, కనుబొమ్మ లేచేది. జోకు రాబోతోంది. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి.

పెదవులు కదిలాయి. శబ్దం లేదు. నాకు అర్థం కాలేదు. ముందుకి వంగాను. మళ్ళీ కదిలాయి, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి. ఆ నటుడి గురించా, బండి గురించా, తన గురించేనా? ఒక మాట 'నూక' అనిపించింది, మరుక్షణం కాదనిపించింది. ఆవిడ ఆశగా నా మొహంలోకి చూస్తున్నారు. ఒక్క నవ్వు నవ్వితే అయిపోయేది. నవ్వలేకపోయాను. అబద్ధపు నవ్వు ఆవిడకి ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. "అర్థం కాలేదు ఆంటీ. ఇంకొక్కసారి," అన్నాను. ఆవిడ ఇంకొక్కసారి ప్రయత్నించారు. సగంలో ఆయాసం వచ్చింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, దుప్పటి మీద ఉన్న చేతిని కొంచెం ఎత్తి, పోనీలే అన్నట్టు వదిలేశారు. కళ్ళు మూసుకున్నారు. దివ్య టీ తీసుకుని వచ్చేసరికి నిద్రలో ఉన్నారు. ఆ తర్వాత నేను వెళ్ళిన రోజుల్లో తెలివిలో లేరు.

అంత్యక్రియలైన కొన్నాళ్ళకి వినేవాళ్ళలో ఒకరు, గొంతు ఎలాగూ ఉంది కదా, కార్యక్రమం కొనసాగించండి అని రాశారు. మంచి మనసుతోనే రాశారు. దివ్య సమాధానం ఇవ్వలేదు. ఆ ప్రోగ్రామ్‌ని తను తీసెయ్యలేదు, తెరవనూ లేదు. ఎందుకని నేను అడగలేదు.

నేను ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను. మీటింగుల్లో మాట్లాడతాను, బాగుంది అనే మాటతో తప్పించుకోను. అది ఆవిడ ఇచ్చిందే, కాదనను. కానీ నాతో నిజంగా ఉండిపోయింది ఆ పెదవుల కదలిక. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో నా పెదవులు అలా కదిపి చూస్తుంటాను. మొదట కలుస్తాయి, గుండ్రంగా అవుతాయి, మళ్ళీ కలుస్తాయి, చివర కొంచెం పక్కకి సాగుతాయి. వాటికి సరిపడే మాటలు వెతుకుతాను. కొన్ని సరిపోతాయి, కానీ వాటిలో నవ్వు లేదు. నవ్వున్నవి సరిపోవు. అది చాలా మంచి జోకు అయ్యుంటుంది. మంచిది కాకపోతే, ఊపిరి ఆడని మనిషి దానికోసం మూడోసారి ప్రయత్నించరు.